పాట పాడలేనంత వేగం

మా అత్తయ్య తన గుట్టంతా నాకే చెప్పేది. నా మీద నమ్మకంతో కాదు, నా మతిమరుపు మీద నమ్మకంతో. "నీకు చెప్తే గోడకి చెప్పినట్టేనే అమ్మాయ్, రేపొద్దుటికి ఒక్క ముక్క మిగలదు" అని మొహం మీదే అనేది. నాకు ముక్కు మీద కోపం, మా ఇంట్లో ఎవర్నడిగినా చెప్తారు. కానీ ఆవిడన్నది నిజమే కాబట్టి నోరు మూసుకుని వినేదాన్ని.

నాకు మూర్ఛ ఉంది. పంతొమ్మిదో ఏట మొదలైంది, ఇప్పుడు నలభై మూడు నిండాయి. మాత్రలు సరిగ్గా వేసుకుంటే నెలల తరబడి దాని ఊసే ఉండదు. ఒక్కోసారి మాత్రం చెప్పాపెట్టకుండా వస్తుంది, నన్ను పడేస్తుంది, పోతుంది. లేచి బట్టలు దులుపుకుని, నాలిక ఎక్కడ కొరుక్కున్నానో చూసుకుని, మళ్లీ నా పనిలో పడతాను. దానికి ఏనాడో అలవాటుపడ్డాను. అలవాటు పడలేకపోయింది మతిమరుపుకే. నలభై దగ్గరపడేసరికి జ్ఞాపకశక్తి జారడం మొదలైంది. కొంత జబ్బు వల్ల, కొంత మందుల వల్ల అని డాక్టరమ్మ చెప్పింది. తమాషా ఏంటంటే పాతవేవీ పోలేదు. మూడో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్ల రబ్బరు ఏ రంగో ఇప్పుడడిగినా చెప్తాను. నిన్న మా ఇంటికి ఎవరొచ్చారో మాత్రం చెప్పలేను.

ఇంకో ఉద్యోగమైతే ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. నాది పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. గోడకి ఆనించి చెక్క గూళ్లుంటాయి, ఎనిమిది వరసలు, వరసకి అయిదు, మొత్తం నలభై. ఒక్కో గూడు ఒక్కో పోస్ట్‌మ్యాన్ తిరిగే వీధులది. పొద్దున్న సంచీలు దిగగానే ఎడంచేత్తో కట్ట పట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్కటీ గూట్లోకి విసరాలి. ఆలోచించి వేసేంత తీరిక ఉండదు. చిరునామా కంటపడగానే చెయ్యి దానంతటదే వెళ్లిపోవాలి. మా గదిలో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరైనా ఇల్లు మారితే, వాళ్ల ఉత్తరాన్ని పాత వీధికి పంపి మళ్లీ వెనక్కి తెప్పించుకోం. ఫలానావాళ్లు ఫలానా చోటికి మారారని గుర్తుపెట్టుకుని నేరుగా కొత్త వీధి గూట్లోనే వేసేస్తాం. అలా చెయ్యాలని ఎక్కడా రాసి లేదు. కానీ అది చేతకానివాళ్లని మా దగ్గర ఎవరూ పనిమంతులనరు.

ఆ విషయంలో ఒకప్పుడు నన్ను మించినవాళ్లు లేరు. పోస్ట్‌మ్యాన్లు నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లే కాదు, "చిరునామా" అనేవాళ్లు. ఏ ఉత్తరం దగ్గర అనుమానం వచ్చినా "చిరునామాని అడుగు" అనడం మా ఆఫీసులో మామూలు మాట. అలాంటిదాన్ని, ఎప్పుడో మారిపోయినవాళ్ల ఉత్తరాలు పాత ఇళ్లకి పంపడం మొదలుపెట్టాను. నా బుర్రలో ఊరు అయిదారేళ్ల కిందట ఆగిపోయింది. నా చేతికి ఆ ఇళ్లే తెలుసు, ఆ చెయ్యి వాటికే వెళ్లేది.

ఒక పెద్దాయనకి కంటి ఆపరేషన్ తేదీ చెప్తూ ఆస్పత్రి పంపిన ఉత్తరాన్ని, ఆయన ఖాళీ చేసిన ఇంటికి పంపించాను. తాళం వేసిన ఇంట్లో, తలుపు వెనకాల, అది పదిరోజులు పడి ఉంది. తేదీ దాటిపోయింది. ఆయన ఒకచేత్తో కర్రా, ఇంకోచేత్తో కూతురి భుజమూ పట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. పోట్లాడటానికి కాదు, ఉత్తరం ఏమైందో కనుక్కుందామని. నాలుగు తిట్టి వెళ్లినా నాకు కాస్త తేలికగా ఉండేది.

మా సూపర్‌వైజర్ని వెనకాల అందరం కొలబద్ద అంటాం. మనిషి సన్నగా నిటారుగా ఉంటాడు, మాట కూడా అంగుళాల లెక్కన మాట్లాడతాడు. ఆ సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "ఏడాది పరీక్ష ఇంకా మూడు నెలలుంది. నూరు కార్డులు, పది నిమిషాలు. మూడు తప్పుల దాకా పరవాలేదు. నాలుగోది పడితే మిమ్మల్ని వెనక గదికి మార్చక తప్పదు" అన్నాడు. వెనక గదంటే పార్సిళ్లు తూచి సంచుల మూతులు కట్టే చోటు. అక్కడ పేర్లతో పని ఉండదు, అన్నీ బరువులే. జీతం తగ్గదు. ఎవరికి చెప్పినా ముందు ఆ మాటే అన్నారు, జీతం తగ్గదుగా అని. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా ఈ ఊరి ఉత్తరాలన్నీ నా చేతుల మీదుగా పోయాయి. ఆ గూళ్ల ముందు నిలబడ్డప్పుడే నేనూ ఒక మనిషినని నాకనిపించేది. ఆ చోటు పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

డాక్టరమ్మ దగ్గరికెళ్లి జ్ఞాపకానికి మందు రాయమన్నాను. "మందు లేదు కానీ నడక ఉంది" అంది. నాతో పరాచికాలాడుతోందనుకున్నాను. కాదట. ఒళ్లు కదిలితే బుర్రకీ మేలని, మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో కొందరికి వ్యాయామంతో జ్ఞాపకం కాస్త కుదురుకున్నట్టు కనిపిస్తోందని, దాని మీద ఇంకా చూస్తూనే ఉన్నారని చెప్పింది. "మీకు పనిచేస్తుందని మాటివ్వను. చేసి చూడండి. వారానికి అయిదు రోజులు, రోజుకి నలభై నిమిషాలు. మాత్రలు మానకూడదు, నిద్ర తగ్గకూడదు, మండుటెండలో వద్దు, పక్కన ఒక మనిషి ఉండాలి."

"ఎంత గట్టిగా నడవాలి?" అన్నాను.

"మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాట వస్తోందంటే మీరు షికారు చేస్తున్నట్టు."

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పెద్ద పెద్ద ఇనప తాళ్ల పక్కన వేలాడుతూ పనిచేసే మనిషికి నేను నడుస్తానంటే చెమటలు పట్టాయి. ఆయాసపడితే ఫిట్స్ వస్తాయి, హాయిగా కూర్చో అని జబ్బు మొదలైనప్పట్నుంచీ అందరూ నాకు చెప్పిన మాటే ఆయనా చెప్పాడు. పైగా ఆయన తెల్లారేసరికి పనిలో ఉండాలి. "నీ పక్కన నడిచేదెవరు?" అన్నాడు.

"నేను చచ్చానా?" అంది అత్తయ్య, పక్క గదిలోంచి.

ఆవిడకి డెబ్భై ఒకటి. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసింది. పరిగెత్తే బస్సులో దేన్నీ పట్టుకోకుండా ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచిన కాళ్లు అవి. మర్నాడు పొద్దున్న ఆరింటికి మెళ్లో తన పాత ఈల వేసుకుని గుమ్మంలో నిలబడింది. నా మాత్రలు పడ్డాయో లేదో అడిగింది, నా బూట్ల తాళ్లు చూసింది, "రైట్ రైట్" అంది. బయల్దేరాం.

దారి ఆవిడే వేసింది. రొట్టెల బట్టీ పక్క నుంచి, పాత బడి వీధి మీదుగా, నూటపన్నెండు మెట్లున్న మెట్ల సందు ఎక్కి, పైన గడియారాల కొట్టు దగ్గర తిరిగి ఇంటికి. ప్రతి మలుపులోనూ "పాడు" అనేది. నేను పాడాలి. గొంతు లేచిందా, నా పని అయిపోయినట్టే. "ఇది నడకా, ఊరేగింపా?" అని వీధి వీధంతా వినపడేలా అడిగేది. నా గొంతు అంత బాగుండదు. రొట్టెల బట్టీ ఆయన రెండో రోజు నుంచి మేం కనపడగానే కిటికీ మూసుకునేవాడు.

మాట్లాడుతూ నడవాలని డాక్టరమ్మ చెప్పింది కదా. నాకేమో మెట్లెక్కుతూ మాట్లాడేంత ఊపిరుండేది కాదు. అందుకని మాట్లాడే బాధ్యత కూడా ఆవిడే నెత్తినేసుకుంది. ముప్ఫై ఏళ్లు బస్సులో జనంతో మాట్లాడి, మావయ్య పోయాక అయిదేళ్లు గోడలు చూస్తూ కూర్చున్న మనిషి. లోపల చాలా పేరుకుపోయింది. పోసేసింది. మొదటి నెల ఏమేం చెప్పిందో నాకు తెలీదు. విన్నానట, నవ్వానట, ఒకసారి కళ్లు కూడా తుడుచుకున్నానట. ఇంటికొచ్చి స్నానం చేసేసరికి ఒక్కటీ ఉండేది కాదు. ఆవిడకి అదే కావాలి.

మూడో వారంలో మెట్ల సందు మొదట్లో పడిపోయాను. తర్వాత బట్టీ ఆయన చెప్పాడు. అత్తయ్య నన్ను పక్కకి తిప్పి, తన స్వెట్టర్ విప్పి తల కింద పెట్టి, గడియారం చూసుకుంటూ కూర్చుందట. ఎవరో చెంచా తెచ్చి నా నోట్లో పెట్టబోతే, "ఆ చెయ్యి తీస్తావా, నీ నోట్లో ఈల కుక్కమంటావా?" అందట. రెండు నిమిషాల్లో తగ్గింది. కళ్లు తెరిచేసరికి ఆవిడ మొహమే కనపడింది. "రెండు నిమిషాలు ఆలస్యం, ఏం పరవాలేదు" అంది. ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.

మా ఆయన ఇంక నడకా గిడకా లేదన్నాడు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, ముందురోజు మాత్ర వేసుకున్నానా అని అడిగింది. డబ్బా తీసి చూస్తే ఆ మాత్ర అందులోనే ఉంది. నడక కన్నా ఆ మాత్ర మానడమే కారణమయ్యుంటుందని చెప్పింది. ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. అత్తయ్య కొడుకుని నిలేసింది. "ఒక రోజు బస్సు ఆగిపోతే రూటే ఎత్తేస్తారట్రా? పని చూసుకో." రెండు రోజులు నన్ను పడుకోనిచ్చి, మూడో రోజు ఆరింటికి మళ్లీ గుమ్మంలో నిలబడింది. ఆ రోజు నుంచి మాత్ర నేను మింగేదాకా పక్కనే ఉండి చూసేది.

ఏడో వారంలో జరిగింది అసలు సంగతి. యాభయ్యో మెట్టు దగ్గర ఆవిడ మొదలుపెట్టింది. "ఒకసారి మీ మావయ్యకీ నాకూ పెద్ద గొడవైంది. మర్నాడు ఆయన సరిగ్గా నా బస్సు కోసమే స్టాపులో నిలబడ్డాడు." నేను మనసులో అనుకున్నాను, ఎక్కబోతుంటే మీరు రైట్ రైట్ అనేశారు, ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సు వెనకాల పరిగెత్తాడు. అనుకుని ఆగిపోయాను. ఇది నాకెలా తెలుసు? ఆవిడ ఇంకా అక్కడిదాకా రానేలేదు. మెల్లగా అర్థమైంది. మొన్న చెప్పింది. మొన్న చెప్పింది నాకు గుర్తుంది.

"ఏంటే, కళ్లు తిరుగుతున్నాయా?" అంది.

"లేదు. తర్వాత ఏమైంది?"

"నేను రైట్ రైట్ అనేశాను" అంది, మెట్టు మీదే నిలబడి నవ్వుతూ. నేనూ నవ్వాను, మొదటిసారి విన్నట్టే. ఎందుకు చెప్పలేదంటే, ముందు నాకే నమ్మకం కుదరలేదు. ఏదో ఒకటి పొరపాటున మిగిలిపోయిందేమో అనుకున్నాను. కానీ మర్నాడు ఇంకోటి మిగిలింది. మా పెళ్లైన కొత్తలో ఆవిడకి ఇష్టమైన పూలకుండీ పగిలింది. నేను ఫిట్స్ వచ్చి పడ్డప్పుడు పగిలిందని ఇంట్లో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కాదట, తుడుస్తూ ఆవిడే పగలగొట్టిందట. పద్దెనిమిదేళ్లు ఆ కుండీ నా ఖాతాలో ఉంది. చూశారా, ఎంత ఘటికురాలో.

ఆఫీసులోనూ తేడా కనపడింది. రోజుకి పదీ పన్నెండు తప్పులు పడే చోట అయిదారే పడేవి. బ్రహ్మాండం ఏం బద్దలవలేదు. కానీ పోయిన నెలలో మారిన ఒకావిడ కొత్త ఇంటి గూట్లోకి నా చెయ్యి దానంతటదే వెళ్లిన రోజున, చెప్పొద్దూ, ఆ చేతిని కాసేపు చూసుకుంటూ నిలబడ్డాను.

అయితే గుర్తుండటం మొదలయ్యాక అన్నీ గుర్తుంటాయి. ఒక శుక్రవారం మెట్లు దిగుతూ అత్తయ్య మామూలుగానే చెప్పింది. "నిన్ను చేసుకోవద్దని వాడికి చెప్పానే అమ్మాయ్. జబ్బు పిల్ల, బతుకంతా దానికి కాపలా కాయాలిరా అన్నాను. రెండు నెలలు వాడితో మాట్లాడలేదు." అప్పుడు నేను ఆయాసంలో ఊ కొట్టాను. ఆదివారం గిన్నెలు కడుగుతుంటే ఆ మాట మొత్తం, ఆవిడ గొంతుతో సహా, తిరిగొచ్చింది. ఇన్నేళ్లకి నా బుర్రలో నిలబడ్డ మాట ఇదా అనిపించింది. చేతిలో పళ్లేన్ని సింకులో విసిరికొట్టాను. ఏమైందని మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. చెయ్యి జారిందన్నాను.

రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాను. పాడమంటే పాడలేదు. ఆవిడ నాకు ఒంట్లో బాగోలేదనుకుంది. మూడో రోజు మెట్ల మధ్యలో నా బూటు తాడు ఊడింది. నేను వంగేలోపే ఆవిడ మోకాళ్లు పట్టుకుని కిందకి వంగి, తాడు రెండు ముళ్లేసి కట్టింది. "వంగితే నీకు తల తిరుగుతుంది" అంది. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి. కాపలా కాయాలిరా అని కొడుకుని భయపెట్టింది ఈవిడే, ఇప్పుడు కాస్తోంది ఈవిడే. నాకు కోపం పోలేదు, కానీ ఏ పక్కకి తిరిగి కోపం తెచ్చుకోవాలో తెలీలేదు. గుర్తుందని చెప్తే ఆవిడ సిగ్గుతో నోరు మూసేసుకుంటుంది. మా నడకలో ఇంక మాటలుండవు. అది నాకిష్టం లేదు. దిగమింగుకుని ఊరుకున్నాను.

పరీక్ష ఇంకా పదిరోజులుందనగా, డెబ్భయ్యో మెట్టు దగ్గర ఇంకో గుట్టు విప్పింది. గడియారాల కొట్టాయనా ఆవిడా గురువారం గురువారం కలిసి టీ తాగుతారట. ఆయనకీ భార్య పోయి చాలా కాలమైంది. మోకాళ్ల నెప్పులతో ఆ మెట్లు ఎక్కలేక, కొట్టు మూసేసి, కాలవ గట్టు వీధిలో కింద వాటాలోకి మారాడట. "సామాను నేనే సర్దాను. మనిషి మంచివాడు, నా మాట మధ్యలో అడ్డురాడు. మావాడికి తెలిస్తే ఏమనుకుంటాడో, చెప్పకు. చెప్పవులే, నీకెక్కడ గుర్తుంటుంది" అంది. చెవులు ఎర్రబడ్డాయి ఆవిడకి. చూడనట్టు నటించాను.

పరీక్ష రోజున అత్తయ్య ఆఫీసుదాకా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. లోపల నూరు కార్డుల కట్ట నా చేతిలో పెట్టి, కొలబద్ద గడియారం నొక్కాడు. నా చెయ్యి కదిలింది. కొన్నిచోట్ల తడుముకున్నాను, కొన్నిచోట్ల నాకన్నా ముందే వెళ్లింది. తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లకి ఆఖరి కార్డు పడింది.

ఆయన తన జాబితా పట్టుకుని గూడు గూడూ చూసుకుంటూ వచ్చాడు. తొమ్మిదో గూట్లో ఒక తప్పు. పధ్నాలుగులో ఇంకోటి, అది పాత ఇల్లు, నా ఎప్పటి జబ్బే. ఇరవై రెండులో మూడోది, అది వట్టి నా తొందర. ఇంకొక్కటి పడితే వెనక గదే. ముప్ఫై ఒకటో గూడు దగ్గర ఒక కార్డు పైకి తీశాడు. గడియారాలాయన పేరు, మెట్ల సందు చిరునామా.

"ఇది ఏడో గూట్లో ఉండాలి. కాలవ గట్టులో వేశారు" అన్నాడు. పెన్ను తీశాడు. "నాలుగు."

"అది తప్పు కాదండీ. ఆయన ఇల్లు మారారు."

"నా జాబితాలో లేదు. మీకెవరు చెప్పారు?"

నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే అయిపోతుంది. కానీ పక్కనే ఇద్దరు పోస్ట్‌మ్యాన్లు చెవులు రిక్కించి నిలబడ్డారు. అందులో ఒకాయన మా ఎదురింట్లోనే ఉంటాడు. ఇక్కడ నేను పేరెత్తితే సాయంత్రానికి మా ఆయన చెవిన పడుతుంది. ఆ గూళ్ల వైపు చూశాను. బయట బెంచీ మీద కూర్చున్న మనిషిని తలుచుకున్నాను. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో, అప్పుడు పాడమంటే ఒక్క ముక్క వచ్చేది కాదు.

"ఎవరు చెప్పారో చెప్పను. ఆయన మారిన మాట మాత్రం నిజం. నమ్మకపోతే తప్పు వేసుకోండి" అన్నాను. గొంతు పెంచే అన్నాను, నా స్వభావం అంత.

కొలబద్ద నన్ను చూశాడు, కార్డు చూశాడు. "అలా ఊరికే ఎలా వేస్తాను?" అని లేచి ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లాడు. ఈ వారం వచ్చిన చిరునామా మార్పు ఫారాలు ఇంకా పుస్తకంలోకి ఎక్కించకుండా ఒక ట్రేలో ఉంటాయి. ఒక్కొక్కటీ తిప్పుకుంటూ వచ్చి, ఒకటి బయటికి తీశాడు. గడియారాలాయన, కాలవ గట్టు వీధి, కింది వాటా. నిన్న సాయంత్రం ఇచ్చినట్టు ముద్ర ఉంది. సంతకం ఆయనది. మిగతా అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి, కదిలే బస్సులో నిలబడి రాయడం అలవాటైన చేతిరాత. నేను తల తిప్పుకున్నాను.

"ఈ ఫారం మీరు ముందే చూశారా?"

"లేదండీ. నిన్న సాయంత్రం నేను ఆఫీసులో లేను."

"మరి?"

"విన్నాను. పదిరోజుల కిందట. ఒక్కసారి."

ఆయన తిరిగి తన జాబితా దగ్గరికొచ్చాడు. నాలుగు కొట్టేసి మూడు వేశాడు. తన జాబితాలో గడియారాలాయన చిరునామా కూడా దిద్దుకున్నాడు. ఎన్నడూ ఎవర్నీ మారుపేరుతో పిలవని మనిషి, కార్డులు సర్దుకుంటూ, "రేపు ఏడున్నరకి సంచీలొస్తాయి, చిరునామాగారూ" అన్నాడు.

బయటికొచ్చాను. అత్తయ్య ఈలని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

"ఎన్ని?"

"మూడు."

ఆవిడ కళ్లు మూసుకుని, గట్టిగా గాలి వదిలింది. నేను పక్కన కూర్చున్నాను. ఇంక దాచబుద్ధి కాలేదు. "నాలుగోది పడబోయింది అత్తయ్యా. గడియారాలాయన కార్డు. కాలవ గట్టు గూట్లో వేశాను."

ఆవిడ కళ్లు తెరిచింది. "నీకెలా తెలుసు?"

"మీరే చెప్పారుగా. డెబ్భయ్యో మెట్టు దగ్గర. భయపడకండి, లోపల మీ పేరు ఎత్తలేదు."

ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఏం లెక్కపెట్టుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది. "ఇంకా ఏమేం గుర్తున్నాయి?" అంది మెల్లగా.

"మావయ్యని స్టాపులో వదిలేసిన సంగతి. పూలకుండీ సంగతి."

"ఇంకా?"

"నన్ను వద్దన్న సంగతి."

రోడ్డు మీద బస్సొకటి ఆగింది, జనం దిగారు, వెళ్లిపోయింది. ఆవిడ దాని వైపు కూడా చూడలేదు.

"ఎన్నాళ్లయింది?"

"అయిదు వారాలు."

"అయిదు వారాలు ఆ మాట కడుపులో పెట్టుకుని నా పక్కన నడిచావా?"

"చెప్తే మీరు మాట్లాడటం మానేస్తారు కదా" అన్నాను. అనేసరికి నాకే ఏడుపొచ్చింది.

ఆవిడ లేచింది. నన్ను చెయ్యి పట్టుకుని లేపింది. నాలుగడుగులు వేశాక, నా వైపు చూడకుండా, కండక్టరు గొంతు కాకుండా వేరే గొంతుతో మాట్లాడింది. "ఆ మాట నీకు చాలాసార్లు చెప్పాను. తప్పైపోయిందన్న మాట ఒక్కసారీ చెప్పలేదు. ఎలాగూ మర్చిపోతావు, మర్చిపోయే మనిషి దగ్గర తప్పు ఒప్పుకుని ఏం లాభం అనుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను విను. నాది తప్పు. నా కొడుకు నా మాట వినకపోవడమే మా ఇంటికి మేలైంది. నువ్వు నా పక్కన లేకపోతే గోడలు చూసిన ఆ అయిదేళ్ల తర్వాత నాకు మాట్లాడటానికి మనిషే దొరికేది కాదు. దీన్ని మాత్రం గుర్తుపెట్టుకో."

"పెట్టుకుంటాను" అన్నాను.

రొట్టెల బట్టీ దాటాం. వేగం మామూలుగానే ఉంది, ఇంకా చెప్పాలంటే కాస్త తక్కువే. మలుపు దగ్గర అలవాటు కొద్దీ "పాడు" అంది.

నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు. ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని ఊదబోయి, ఊదలేక తీసేసింది.

"సరిగ్గానే నడుస్తున్నాం, పద" అంది.